విజయనగరం కోటలో ఒక పూట

పాఠ్యభాగ పరిచయం

నిత్యం కంటికి ఎదురుగా నిలిచి ఉండే కట్టడాన్ని ఆగి చూసేవారు అరుదు. దూరదేశాలలోని ప్రాసాదాలను గురించి పుస్తకాలలో చదివి ఆశ్చర్యపడే విద్యార్థి, తన ఊరి కోటగుమ్మం కింది నుంచి ప్రతిదినం సైకిలు మీద తలవంచుకొని వెళ్ళిపోతూ ఉంటాడు. ఉత్తరాంధ్రలోని విజయనగరం కోట అటువంటి కట్టడం. దానిని స్పెయిన్ దేశంలోని ఒక జగత్ప్రసిద్ధ రాజప్రాసాదంతో పక్కపక్కన నిలిపి పరిశీలించడం, రాజభవనం దేనివల్ల నిలుస్తుంది, దేనివల్ల నశిస్తుంది అని విచారించడం ఈ పాఠం ఉద్దేశం.

నగారాఖానా

విజయనగరం కోటకు ప్రధానద్వారం తూర్పున ఉన్నది. ఉదయపుటెండ ఆ ద్వారం మీద పడినప్పుడు దాని కమానులు, గూళ్ళు, పైకప్పు అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ ద్వారానికి నగారాఖానా అని పేరు. 'నగారా' అంటే పెద్ద భేరి. 'ఖానా' అంటే గది. రాజాజ్ఞలను ప్రకటించవలసి వచ్చినప్పుడు, ముఖ్యులైన అతిథులు విచ్చేసినప్పుడు ఇక్కడ నగారా మోగేది. ఊరివారికి ఆ ధ్వనే వార్తాపత్రిక. ద్వారం నిర్మాణంలో రాజస్థానీ శైలి పోలికలు ఉన్నాయని చెబుతారు.

ద్వారం దాటి లోపలికి నడిచిన సందర్శకునికి కోట స్వరూపం బోధపడుతుంది. కోట చతురస్రాకారంలో ఉన్నది. ఒక్కొక్క పక్క పొడవు సుమారు 240 మీటర్లు. రాతిగోడల ఎత్తు సుమారు 10 మీటర్లు. నాలుగు మూలల నాలుగు బురుజులు ఉన్నాయి. గోడల చుట్టూ పూర్వం నీటితో నిండిన అగడ్త ఉండేది. పడమట మరొక ద్వారం ఉన్నది. కోటలో మరణించినవారి భౌతికకాయాలను దహనసంస్కారానికి తీసుకొనిపోవడానికి ఆ ద్వారాన్ని ఉపయోగించేవారు. సూర్యోదయం వైపు జీవితానికి, సూర్యాస్తమయం వైపు మరణానికి ద్వారాలు తెరిచిన ఆ ఏర్పాటు అర్థవంతమైనది.

కోట అనగానే యుద్ధాలే గుర్తుకు రావడం సహజం. కాని ఈ కోట ఎదుట ఏటా జరిగే పెద్ద సందడికి యుద్ధంతో పనిలేదు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. పొడవైన మాను కొనకు కట్టిన ఆసనంలో పూజారి అమ్మవారి ప్రతిరూపంగా కూర్చుంటాడు. ఆ సిరిమాను మూడు లాంతర్ల కూడలి సమీపంలోని గుడికీ, కోటకూ మధ్య ముమ్మారు తిరుగుతుంది. రాజవంశీయులు కోట బురుజు మీద నుంచి ఆ ఉత్సవాన్ని తిలకించడం ఆచారం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి, పొరుగున ఉన్న ఒడిశా నుంచి వచ్చిన జనంతో ఆనాడు వీధులు కిక్కిరిసిపోతాయి. శత్రువును కనిపెట్టడానికి కట్టిన బురుజు ఉత్సవాన్ని చూడడానికి వేదిక అయింది. ఈ కోట కథలో ఇటువంటి మార్పులు మరికొన్ని కనిపిస్తాయి.

ఐదు విజయాలు

పూసపాటి వంశీయులు 17వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చారు. అప్పుడు ఈ సీమ గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల అధీనంలో ఉండేది. వారి ప్రతినిధి అయిన ఫౌజ్‌దారు శ్రీకాకుళం నుంచి పాలన సాగించేవాడు. ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు నేటికీ శ్రీకాకుళంలో ఉన్నది. ఆ ఫౌజ్‌దారు కాలంలోనే, 1652లో, పూసపాటి మాధవవర్మ ఈ సీమలో ప్రవేశించినట్లు చరిత్రకారులు పేర్కొంటారు. వారు మొదట కుమిలిలో నివసించారు. ఆ తరువాతి తరంవారు 1713లో విజయనగరం కోటకు పునాది వేశారు.

ఈ కోట స్థాపనను గురించి జనశ్రుతి ఒకటి ఉన్నది. స్థాపకుడైన రాజు పేరు విజయరామరాజు; చరిత్ర గ్రంథాలలో ఆయన ఆనందరాజుగా కూడా కనిపిస్తాడు. పునాది వేసిన సంవత్సరం విజయనామ సంవత్సరం. తిథి విజయదశమి. వారం మంగళవారం, తెలుగువారు దానిని జయవారం అంటారు. పట్టణానికి పెట్టిన పేరు విజయనగరం. ఈ విధంగా ఐదు విజయాలు ఒకచోట కూడినవని పెద్దలు చెబుతారు. మరొక కథ కూడా ప్రచారంలో ఉన్నది. ఆనాడు ఈ ప్రదేశం అడవి. అక్కడ తపస్సు చేసుకొంటున్న మహబూబ్ వలీ అనే మహమ్మదీయ సాధువే కోటకు తగిన స్థలాన్ని రాజుకు సూచించాడని ఆ కథ చెబుతుంది. హిందూ రాజు కట్టిన కోటకు స్థలం చూపినవాడు ముస్లిం సాధువని ప్రజలు తరతరాలుగా చెప్పుకోవడం గమనింపదగినది.

ఐదు విజయాలతో ఆరంభమైన ఆ కోట ఎల్లప్పుడూ విజయాన్నే చూడలేదు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో విజయనగరం పక్షం గెలిచింది. కాని ఆ తరువాత కొద్దిరోజులకే పెద విజయరామరాజు తన గుడారంలోనే తాండ్ర పాపారాయుని చేతిలో హతుడయ్యాడు. 1794 జూలై 10న పద్మనాభం వద్ద ఈస్టిండియా కంపెనీ సేనతో జరిగిన యుద్ధంలో చిన విజయరామరాజు నేలకొరిగాడు. పది మీటర్ల ఎత్తు గోడలు ఆ ఇద్దరు రాజులలో ఒక్కరినైనా కాపాడలేకపోయాయి. పేరులోని విజయం రాతిగోడలకు రక్షణ కాదని చరిత్ర రెండుమార్లు చెప్పింది.

మాటలు తెచ్చిన వార్త

కోటలో తిరిగే సందర్శకుని చెవిన పడే మాటలను కొంచెం ఆలోచించి చూడవలసి ఉన్నది. నగారా, బురుజు, మహల్ అనేవి మూలంలో అరబ్బీ పదాలు. ఖానా, దర్బారు, కమాను, బాగ్ అనేవి పారసీక పదాలు. ఇవన్నీ దక్కను సుల్తానుల పాలనాకాలంలో తెలుగులో స్థిరపడి తెలుగు మాటలే అయిపోయాయి. మాట వచ్చిన దారినే కట్టడపు రీతి కూడా వస్తుంది. కమాను అనే మాటతో పాటు కమాను కట్టే నేర్పూ వచ్చింది; బాగ్ అనే మాటతో పాటు కాలువలు తీసి తోటను నలుచదరపు మడులుగా విభజించే పద్ధతీ వచ్చింది.

తీరప్రాంతాలకు వర్తకానికి వచ్చిన ఆంగ్లేయులు 17, 18 శతాబ్దాలలో ఇక్కడి ముస్లింలను 'మూర్లు' అని వ్యవహరించేవారు. హిందూస్థానీ భాషను కూడా 'మూర్ల భాష' అనేవారు. నిజానికి ఆ పేరు వాయవ్య ఆఫ్రికాకు చెందిన ముస్లింలది. వారు 711లో సముద్రం దాటి స్పెయిన్ దేశంలో ప్రవేశించారు. అక్కడ దాదాపు ఎనిమిది వందల సంవత్సరాలు వారి రాజ్యాలు నిలిచాయి. ఐరోపావారు తమకు తెలిసిన ఆ పేరునే ఇక్కడివారికి తగిలించారు. పేరు తప్పయినా, దానివెనుక ఒక పోలిక ఉన్నది. అరబ్బీ మాటలు, కమానులు, నీటితోటలు ఒకవైపు స్పెయిన్‌కూ, మరొకవైపు దక్కనుకూ ప్రయాణించాయి. స్పెయిన్‌లో ఆ సంప్రదాయానికి పరాకాష్ఠ గ్రనడా నగరంలోని అల్‌హంబ్రా. విజయనగరం కోటను అర్థం చేసుకోవడానికి ఆ ప్రాసాదాన్ని ఒకసారి చూసిరావడం అవసరం.

ఎర్రని కోట

'అల్‌హంబ్రా' అనగా అరబ్బీలో 'ఎర్రనిది' అని అర్థం. ఆ కోటగోడల మట్టిరంగును బట్టి ఆ పేరు వచ్చింది. నస్రీద్ వంశ స్థాపకుడైన మొదటి మహమ్మద్ 1238లో గ్రనడాలోని కొండపై దీని నిర్మాణానికి పూనుకొన్నాడు. అందులో సైనికులు ఉండే భాగాన్ని 'అల్కసాబా' అంటారు. ఆ మాట తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. పాత రెవెన్యూ దస్త్రాలలో ముఖ్యపట్టణాన్ని 'కస్బా' అనేవారు. రెండింటికీ మూలం ఒకే అరబ్బీ పదం.

అల్‌హంబ్రాలో అందరినీ ఆకర్షించేది సింహాల ప్రాంగణం. దీనిని 14వ శతాబ్దంలో ఐదవ మహమ్మద్ కట్టించాడు. నలువైపుల 124 సన్నని పాలరాతి స్తంభాలు. మధ్య పన్నెండు పాలరాతి సింహాలు మోస్తున్న నీటిపళ్ళెం. సింహాల నోళ్ళ నుంచి నీరు జాలువారి నాలుగు కాలువలుగా నాలుగు దిక్కులకు ప్రవహిస్తుంది. ఆకాశానికి తెరిచి ఉన్న ముంగిలి, దాని చుట్టూ వసారాలు, వాటి వెనుక గదులు అన్న ఈ ఏర్పాటు తెలుగుదేశపు మండువా లోగిలిని తలపిస్తుంది. మండువాలో పడేది వాననీరు. అల్‌హంబ్రాలో పారేది మనుష్యుడు శ్రమించి తెచ్చిన నీరు. అదే భేదం.

ఆ నీరు కొండపైకి ఎట్లా వచ్చింది? ప్రాసాదానికి సుమారు 6 కిలోమీటర్ల దూరాన డార్రో నదికి అడ్డుకట్ట కట్టి, కొండవాలు వెంబడి కాలువ తవ్వి, నీటిని పల్లం వైపు నెమ్మదిగా నడిపించి తెచ్చారు. నది పైభాగంలో, కోట కంటె ఎత్తయిన చోట నీటిని పట్టడమే ఇందులోని కిటుకు. ఆ కాలువ మొదట 'జెనరలీఫ్' అనే రాజోద్యానంలో ప్రవేశించి, అక్కడి పొడవైన కొలనును, పూలమడులను తడిపి, ఆ తరువాత ప్రాసాదంలోకి వచ్చేది. వేసవి ఎండలు తీవ్రంగా కాసే ఆ దేశంలో నీటి చప్పుడు, చెట్టు నీడ, పాలరాతి చల్లదనం కలిసి ప్రాసాదాన్ని నివాసయోగ్యం చేశాయి.

అల్‌హంబ్రా గోడల మీద ఒక వాక్యం అనేక పర్యాయాలు చెక్కి ఉన్నది. దైవం తప్ప వేరొక విజేత లేడని దాని భావం. అది నస్రీద్ రాజుల నినాదం. విజయనగరం స్థాపకుడు విజయాన్ని ఐదుమార్లు తన కోటకు జోడించాడు. గ్రనడా రాజులు విజయం తమది కాదని గోడగోడకూ రాయించుకొన్నారు. రెండు కోటలకూ జరిగినది ఒక్కటే. 1492 జనవరి 2న గ్రనడా చివరి సుల్తాను కోటను స్పెయిన్ రాజదంపతులకు అప్పగించి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత అల్‌హంబ్రా చాలాకాలం నిరాదరణకు లోనైంది. 1812లో నెపోలియన్ సైనికులు వెనుదిరిగిపోతూ దాని బురుజులు కొన్నింటిని మందుపాతరలతో పేల్చివేశారు. 1829లో అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ ఆ పాడుపడిన ప్రాసాదంలో కొన్నాళ్ళు నివసించి, అక్కడి కథలను సేకరించి 1832లో పుస్తకంగా ప్రకటించాడు. ఆ పుస్తకం చదివిన ప్రపంచం అల్‌హంబ్రా వైపు తిరిగి చూసింది. 1870లో స్పెయిన్ ప్రభుత్వం దానిని జాతీయ స్మారకచిహ్నంగా ప్రకటించింది. 1984లో యునెస్కో దానికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. శిథిలాన్ని మళ్ళీ నిలబెట్టినది సైన్యం కాదు; ఒక పుస్తకం, దానిని చదివినవారి శ్రద్ధ.

మహళ్ళు, తోటలు

అల్‌హంబ్రాను చూసిన కళ్ళతో విజయనగరం కోటకు తిరిగివస్తే ఇక్కడి పేర్లే కొత్త అర్థంతో పలకరిస్తాయి. కోటలో 1869లో మూడవ విజయరామ గజపతిరాజు దర్బారు కోసం మోతీమహల్ కట్టించాడు. 'మోతీ' అంటే ముత్యం. దాని ప్రవేశం వద్ద రెండు పాలరాతి ప్రతిమలు ఉండేవి. రాజుల కాలం ముగిసిన తరువాత ఆ భవనంలో ఆడపిల్లల కళాశాల నడిచింది. రాజవంశానికి చెందిన చిత్రపటాలు, బహుమతులు కూడా అక్కడ భద్రపరిచారు.

కోటకు నైరుతి దిశలో పూల్‌బాగ్ ఉన్నది. పూలతోట అని దాని అర్థం. తోట మధ్య కట్టిన మహలు పేరు క్రమంగా ఆ ప్రాంతానికంతటికీ పేరైంది. దాని సమీపంలో ఔద్‌ఖానా అనే కట్టడం ఉన్నది. ఇది రాజు స్నానానికి ప్రత్యేకించిన భవనం. అష్టకోణాకారంలో, పూర్తిగా రాతితో, సుమారు 50 అడుగుల ఎత్తున కట్టిన గోపురం వంటి నిర్మాణం దీని విశేషం. లోపల మెలికలు తిరిగిన మెట్లు పైకి పోతాయి. పక్కనున్న బావి నుంచి నీటిని పైనున్న తొట్టెకు ఎక్కించేవారు. నీటిని ఎత్తుకు చేర్చే చిక్కును గ్రనడావారు నది ఎగువన పరిష్కరించారు. విజయనగరంవారు బావి పక్కన పరిష్కరించారు. సమస్య ఒక్కటే. స్థలాన్ని బట్టి ఉపాయం మారింది.

పట్టణానికి కొంత దూరాన అలకనంద ప్యాలెస్, కోరుకొండ ప్యాలెస్ విశాలమైన తోటల మధ్య వెలిశాయి. అలకనంద ప్యాలెస్ రాజుగారి అతిథుల విడిది. కోరుకొండ ప్యాలెస్, దాని ఆవరణ 1962లో సైనిక పాఠశాలకు నెలవయ్యాయి. ఒకనాడు రాజవంశీయులు విహరించిన మైదానాలలో అప్పటి నుంచి పల్లెటూళ్ళ పిల్లలు, పట్టణాల పిల్లలు కలిసి కవాతు చేస్తున్నారు.

కోట దాటిన కానుకలు

మోతీమహల్ కట్టించిన రాజు ఊరి పొలిమేరల వద్దనే ఆగలేదు. ఆయన దానం ఫలితంగా కట్టిన 'విజయనగరం హాలు' నేటి ప్రయాగ్‌రాజ్‌లో, అలహాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్నది. అది మ్యూర్ సెంట్రల్ కళాశాల భవనంలో భాగం. 1873లో శంకుస్థాపన జరిగిన ఆ భవనానికి 1886లో ప్రారంభోత్సవం జరిగింది. దాని రూపశిల్పి విలియం ఎమర్సన్. తరువాతి కాలంలో కలకత్తాలోని విక్టోరియా మెమోరియల్‌కు రూపకల్పన చేసినవాడు ఆయనే. కోసుగా ముగిసే కమానులు, గుమ్మటం, 200 అడుగుల ఎత్తయిన గోపురం గల ఆ కట్టడంలో ఇస్లామీయ శైలి, ఐరోపా శైలి కలగలిసి ఉన్నాయి. ఇటువంటి మిశ్రమశైలికి 'ఇండో సారసెనిక్' అని పేరు. ఉత్తరాంధ్ర రైతులు చెల్లించిన శిస్తులో కొంత గంగాతీరంలో విద్యామందిరంగా మారిందన్నమాట.

లండన్ నగరంలోని హైడ్ పార్కులో 1867లో నెలకొల్పిన మంచినీటి చలివేంద్రం కూడా ఈ విజయనగరం మహారాజు కానుకే. దానిని 1964లో తొలగించారు. అది ఉండిన చోటును ఒక రాయి సూచిస్తుంది.

ఆయన కుమారుడు ఆనంద గజపతిరాజు 1879 నుంచి 1897 వరకు సంస్థానాన్ని పాలించాడు. మాక్స్‌ముల్లర్ పరిష్కరించిన ఋగ్వేదం రెండవ ముద్రణకు ధనసహాయం చేసినవాడు ఆయనే. గురజాడ అప్పారావు ఆయన ఆదరణలో సంస్థానంలో పనిచేశాడు. 1892లో మొదట ప్రదర్శించిన 'కన్యాశుల్కం' 1897లో పుస్తకంగా వచ్చినప్పుడు గురజాడ దానిని ఆయనకే అంకితం ఇచ్చాడు. సమాజంలోని దురాచారాన్ని ఎండగట్టిన నాటకం రాజాశ్రయంలోనే పుట్టడం ఈ సంస్థానానికి దక్కిన గౌరవం.

1919లో సంగీత కళాశాల వెలసింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రధానాచార్యుడు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ బోధించాడు. ఘంటసాల అక్కడ విద్యార్థిగా ఉన్నప్పుడు వారాలు చేసుకొని, మధూకరం ఎత్తి చదువుకొన్నాడు. రాజు పోషించిన కళాశాలలో నిరుపేద విద్యార్థి పాట నేర్చుకొన్నాడు. ఆ పాటను తెలుగుజాతి అంతా విన్నది.

చివరకు కోట కూడా కానుక అయింది. 1958లో పి.వి.జి. రాజు 'మాన్సాస్' అనే ధర్మసంస్థను స్థాపించి, విద్యావ్యాప్తి కోసం కోటను దానికి అప్పగించాడు. నగారా మోగిన చోట బడిగంట మోగసాగింది.

లేని కట్టడాల నీడ

ఇంతవరకు చెప్పినది నిలిచినవాటి కథ. నిలవనివాటిని కూడా చెప్పకపోతే పాఠం అసంపూర్ణం అవుతుంది.

మోతీమహల్ చూడాలని నేడు కోటలో వెతికే సందర్శకునికి అది కనిపించదు. కాలక్రమంలో ఆ భవనం శిథిలమైంది. 21వ శతాబ్దంలో దానిని కూల్చివేశారు. అల్‌హంబ్రా కంటె ఆరువందల సంవత్సరాలు చిన్నదైన భవనం అల్‌హంబ్రా కంటె ముందే నేలమట్టమయింది. పట్టణం నడుమ మూడు లాంతర్ల కూడలిలో తరతరాల నుంచి ఒక స్తంభం ఉండేది. విద్యుద్దీపాలు లేని కాలంలో దాని మీద వెలిగే లాంతర్లు మూడు వీధులకు దారి చూపేవి. 2020 మే నెలలో ఆ స్తంభాన్ని తొలగించినప్పుడు పట్టణ ప్రజలు ఎంతో ఆవేదన చెందారు. స్తంభం పోయినా కూడలిని ప్రజలు మూడు లాంతర్లు అనే పిలుస్తారు. కట్టడం పోయి పేరు మిగలడం అంటే ఇదే.

పాతభవనాన్ని కూల్చవలసి వచ్చినప్పుడు చెప్పే కారణాలు సాధారణంగా సత్యమైనవే. గోడలు బీటలు వారుతాయి. దూలాలకు చెదలు పడుతుంది. పైకప్పు కింద కూర్చొన్న పిల్లల ప్రాణం రాయి కంటె విలువైనది. మరమ్మతుకు ధనం కావాలి. సున్నపు గచ్చు పని తెలిసిన మేస్త్రీలు కావాలి. వారు నానాటికి తగ్గిపోతున్నారు. ఇవన్నీ నిజమే. కాని బీట ఒక్కనాటిలో పడదు. మొదటి వర్షాకాలంలో గోడపై కనిపించిన తడిమరకను ఎవరూ పట్టించుకోకపోతే, గోడసందులో మొలిచిన రావిమొక్కను ఎవరూ పెరికివేయకపోతే, యాభై ఏళ్ళకు అది కూల్చివేతకు తగిన కారణం అవుతుంది. కోటను జయించడానికి శత్రుసేనలు అక్కరలేదు. ఒక రావిమొక్క, కొందరి ఉపేక్ష చాలును.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. రాజులు కట్టించిన మేడలను ప్రజలు ఎందుకు కాపాడాలి? అవి ప్రజల శిస్తుతో, ప్రజల శ్రమతో లేచినవి కావా? ఈ ప్రశ్న న్యాయమైనది. సమాధానం కూడా ఆ ప్రశ్నలోనే ఉన్నది. ప్రజల శ్రమతో లేచినవి కనుకనే అవి ప్రజలవి. ఔద్‌ఖానా గోపురానికి రాయి మోసినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు. ఆ కట్టడమే వారి శాసనం. దానిని పోగొట్టుకొన్నప్పుడు రాజు జ్ఞాపకంతో పాటు కూలివాని జ్ఞాపకం కూడా పోతుంది.

ముగింపు

గ్రనడాలో రాజ్యం పోయి ఐదువందల సంవత్సరాలు దాటింది. నీరు మాత్రం సింహాల నోటి నుంచి నేటికీ పారుతున్నది. ఎందుకంటే కాలువలను శుభ్రం చేసేవారు ఉన్నారు. విజయనగరంలో రాజ్యం పోయింది. కోట ద్వారం కింద నుంచి విద్యార్థులు నేటికీ నడుస్తున్నారు. ఎందుకంటే కోటను బడిగా మార్చినవారు ఉన్నారు. రెండుచోట్లా భవనాన్ని నిలిపినది విజయం కాదు, వినియోగం. పౌరుషం కాదు, పోషణ.

తూర్పు ద్వారం వద్ద మొదలైన సందర్శన మళ్ళీ అక్కడికే చేరుతుంది. సాయంకాలం తరగతులు ముగిసి విద్యార్థులు గుంపులుగా బయటికి వస్తారు. ఎండ పడమటికి తిరిగి, నగారాఖానా నీడ రోడ్డు మీదికి సాగుతుంది. ఆ నీడలో ఒక విద్యార్థి సైకిలు ఆపి, తలయెత్తి, కమాను పక్కన గోడసందులో మొలిచిన మొక్కను గమనించి, మరునాడు ఆ సంగతి అధ్యాపకునికి చెప్పగలిగితే, ఈ కోటకు ఆరవ విజయం లభించినట్లే.

పదపరిచయం

అగడ్త – కోట చుట్టూ తవ్విన నీటి కందకం
జనశ్రుతి – జనం నోట వినవచ్చే కథ
పరాకాష్ఠ – అత్యున్నత స్థితి
మండువా లోగిలి – నడుమ పైకప్పు లేని ముంగిలి గల పాతకాలపు ఇల్లు
మధూకరం – ఇంటింటా తిరిగి అన్నం యాచించి తెచ్చుకోవడం
వారాలు చేసుకోవడం – వారంలో రోజుకొక ఇంట భోజనం చేస్తూ చదువుకోవడం
ఉపేక్ష – పట్టించుకోకపోవడం

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూపంలో సమాధానాలు రాయండి.
1. రాజభవనాలను నిలిపేది వినియోగం, పోషణ అన్న అభిప్రాయాన్ని విజయనగరం కోట, అల్‌హంబ్రాల ఆధారంగా వివరించండి.
2. విజయనగరం సంస్థానం నుంచి విద్యకు, కళలకు లభించిన ఆదరణను తెలపండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. విజయనగరం కోట స్థాపనతో ముడిపడిన ఐదు విజయాలు ఏవి?
2. అల్‌హంబ్రాలోనూ, ఔద్‌ఖానాలోనూ నీటిని ఎత్తుకు చేర్చిన విధానాలలోని భేదం ఏమిటి?
3. 'కట్టడమే వారి శాసనం' – ఈ వాక్యం ఎవరిని ఉద్దేశించినది? వివరించండి.

ఇ. ప్రాజెక్టు పని
మీ ఊరిలోని పాత కట్టడం ఒకదానిని దర్శించి, దానిని ఎవరు, దేనికోసం కట్టించారో, నేడు అది దేనికి ఉపయోగపడుతున్నదో, దానికి ఏ మరమ్మతు అవసరమో తెలుసుకొని ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి.